మంచు యుగాల పాఠం చెప్పబోయే మేనకోడలికి

నల్లగొండ

చి. స్వప్నకు మామయ్య ఆశీస్సులు.

మీ గురుకులం సైన్స్ క్లబ్‌లో మంచు యుగాల గురించి చెప్పాలని, అప్పట్లో సముద్రాలు ఎందుకు చల్లబడ్డాయో, మళ్లీ ఎందుకు వేడెక్కాయో పిల్లలకు ఎట్లా చెప్పాలని అడిగావు. అచ్చంపేట అవతల నీ ఫోన్ సిగ్నల్ సంగతి తెలిసిందే కదా, అందుకే కాగితం మీద పెడుతున్నా.

మన పిల్లలకు ఒక్క మార్కు ప్రశ్నల అలవాటు. ఖాళీలో ఒక్క పేరే పట్టాలి. సూర్యుడా, కార్బన్ డయాక్సైడా, సముద్ర ప్రవాహాలా అని అడుగుతారు. మూడూ అని చెప్పి వదిలేస్తే గజిబిజి అవుతుంది. దేని పని ఏందో విడదీసి చెప్పు. ఎప్పుడు మొదలు కావాలన్నది భూమి కక్ష్య చేతిలో ఉంది. ఎంత దాకా పోవాలన్నది మంచు, గాలి, సముద్రం కలిసి తేలుస్తాయి. క్లాసంతా ఈ తేడా మీదనే నడిపించు.

మొదట గది చీకటి చేసి, బల్బు చుట్టూ గ్లోబు తిప్పు. భూమి అక్షం వాలు ఇప్పుడు 23.4 డిగ్రీలు. అది 22.1, 24.5 డిగ్రీల మధ్య ఊగుతుంది, ఒక ఊపుకు 41 వేల ఏళ్లు. వేసవిలో మనం సూర్యుడికి దగ్గరగా ఉంటామా దూరంగా ఉంటామా అన్నది సుమారు 23 వేల ఏళ్లకోసారి మారుతుంది. కక్ష్య కాస్త గుండ్రంగా, కాస్త సాగినట్టుగా మారడానికి దాదాపు లక్ష ఏళ్లు. ఈ అంకెలు బోర్డు మీద ఉండనీ, బట్టీ పట్టించకు. గ్లోబును కొంచెం నిటారుగా నిలబెట్టి, ఉత్తరాన వేసవి ఎండ ఎట్లా తగ్గిందో చూపించు చాలు. కెనడాలో ఈ ఏటి మంచు ఎండాకాలం దాటి నిలిస్తే, దాని మీద వచ్చే ఏటి మంచు పడుతుంది. తెల్లటి మంచు ఎండను వెనక్కి తిప్పికొడుతుంది. దాంతో ఇంకా చల్లబడుతుంది.

ఇక్కడ జేమ్స్ క్రోల్ గురించి తప్పకుండా చెప్పు. పెద్ద చదువు లేదు. గ్లాస్గోలో ఒక కాలేజీలో కాపలా పని చేస్తూ, అక్కడి లైబ్రరీలో చదువుకొని, 1860లలోనే కక్ష్యకూ మంచు యుగాలకూ సంబంధం ఉందని రాశాడు. చలికాలం చలే ముఖ్యం అనుకున్నాడు. వేసవి ఎండే ముఖ్యం అని లెక్క కట్టినవాడు సెర్బియాకు చెందిన మిలుటిన్ మిలంకోవిచ్. మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టుబడి, బుడాపెస్ట్‌లో నిర్బంధంలో ఉండి కూడా లెక్కలు ఆపలేదు. మీ పిల్లల్లో సగం మంది అమ్మానాన్నలు వలస పనులకు పోయినవాళ్లే. క్రోల్ కథ వాళ్లకు ఎక్కుతుంది.

రుజువు మాత్రం సముద్రం అడుగు బురదలో దొరికింది. ఫొరామినిఫెరా అనే ఏకకణ సముద్ర ప్రాణుల గుల్లలు చాలావరకు మిల్లీమీటరు కూడా ఉండవు. మైక్రోస్కోపు కింద పెడితే ఒకదానికొకటి అతుక్కున్న గుండ్రటి గదులు, గోడల నిండా సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. ఆ గుల్లలో బరువైన ఆక్సిజన్ ఎంత, తేలికైనది ఎంత అని కొలుస్తారు. తేలికైనది నేల మీది మంచులోకి ఎక్కువ పోతే, బరువైనది సముద్రంలో మిగులుతుంది. 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అనే ముగ్గురు, మన హిందూ మహాసముద్రం దక్షిణ భాగం నుంచి తీసిన బురదలోనే నాలుగున్నర లక్షల ఏళ్ల లెక్క చదివి, కక్ష్య మార్పుల లయ అందులో ఉందని చూపించారు.

ఒక జాగ్రత్త. ఆ గుల్లలు నేరుగా థర్మామీటర్ అని చెప్పకు. అందులోని మార్పులో ఎక్కువ భాగం నేల మీద పేరుకున్న మంచుదని షాకిల్టనే 1967లో తేల్చాడు. నీటి వేడిని విడిగా తెలుసుకోవడానికి ఇప్పుడు గుల్లలోని మెగ్నీషియం కూడా చూస్తారు. నీరు వెచ్చనైతే అది పెరుగుతుంది.

ఇక అసలు, వడ్డీ లెక్క. కక్ష్య సాగడం వల్ల ఏడాదికి భూమికి అందే మొత్తం ఎండలో వచ్చే తేడా ఒక శాతం కూడా ఉండదు. అసలు అంత చిన్నది, మంచు, గాలి, సముద్రం కలిపే వడ్డీయే కొండంత. 21 వేల ఏళ్ల క్రితం సముద్ర మట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కింద ఉండేది, దాదాపు సాగర్ డ్యామ్ అంత ఎత్తు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 180 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో 180కి, పడిపోయింది. వెచ్చని కాలాల్లో అది 280 దగ్గర ఉండేది.

ఆ కార్బన్ ఎటు పోయిందో చూపించడానికి రెండు సోడాలు తెప్పించు. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి ఎండలో పెట్టి, పిల్లల ముందే మూతలు తీయి. ఎండలోది బుస్సుమని పొంగిపోతుంది. ప్లాస్టిక్ సీసాలే తీసుకో, గాజువి ఎండలో పెడితే ప్రమాదం. చల్లటి నీరు గ్యాసును పట్టి ఉంచుతుంది. చల్లబడ్డ సముద్రం కూడా అంతే. అట్లని సోడాతోనే 100 పీపీఎం తేడా అంతా వచ్చిందనుకోనివ్వకు, అది కొంత భాగమే. ఎక్కువ వాటా అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రానిది. అక్కడ మంచు పరుచుకొని, అడుగు నీరు పైకి రావడం మందగించి, కార్బన్ లోతుల్లోనే ఉండిపోయింది.

ఇదే సూత్రంతో మొత్తం సముద్రం సగటు వేడి కూడా పట్టారు. క్రిప్టాన్, జినాన్ వాయువులు చల్లటి నీటిలో ఎక్కువ కరుగుతాయి. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగల్లో అవి ఎంత ఉన్నాయో కొలిచి, చివరి మంచు యుగం ముగిసేసరికి సముద్రమంతా సగటున 2.6 డిగ్రీలు వేడెక్కిందని 2018లో చెప్పారు. పైకి చిన్న అంకెలా ఉంటుంది గానీ, కిలోమీటర్ల లోతు నీటికి అది మామూలు వేడి కాదు.

పిల్లలు కాకపోయినా, స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఒకరు వాట్సాప్ మెసేజ్ చూపించి, "ముందు వేడెక్కింది, తర్వాతే కార్బన్ పెరిగింది, మరి ఇప్పుడు కార్బన్‌ను ఎందుకు తిడుతున్నారు మేడం" అంటారు. టెన్షన్ పడకు. అంటార్కిటికాలో ముందు వేడెక్కిన మాట నిజం. కక్ష్య మారి వేసవి ఎండ పెరిగాక, ఉత్తరాన మంచు కరిగి మంచినీళ్లు అట్లాంటిక్‌లో పడ్డాయి. అక్కడ నీరు మునిగి సాగే ప్రవాహం మందగించి, ఉత్తరానికి పోవాల్సిన వేడి దక్షిణాన నిలిచింది. దక్షిణ సముద్రం వెచ్చబడి కార్బన్‌ను వదిలింది, ఆ కార్బన్ మిగతా ప్రపంచాన్ని వేడెక్కించింది. జెరెమీ షాకున్ బృందం 2012లో ప్రపంచమంతటి నుంచి 80 చోట్ల లెక్కలు కలిపి చూస్తే, భూమి సగటు వేడి ఎక్కువగా కార్బన్ వెనకాలే పెరిగినట్టు తేలింది. ఇప్పుడు మాత్రం పొగ గొట్టాలు, బండ్లు కార్బన్‌ను నేరుగా గాలిలోకి పంపుతున్నాయి, సముద్రం వదిలేదాకా ఆగే పని లేదు.

"మన పాలమూరుకు మంచు రాలేదు కదా" అని ఎవరైనా అంటే, రాలేదు గానీ వాన తగ్గింది అని చెప్పు. ఉష్ణమండల సముద్రాలు కూడా చల్లబడ్డాయి, మన నైరుతి రుతుపవనాలు అప్పుడు బలహీనపడ్డాయి. పది లక్షల ఏళ్ల క్రితం దాకా మంచు యుగాలు 41 వేల ఏళ్లకోసారి వచ్చేవి, తర్వాత లక్ష ఏళ్లకోసారి అయ్యాయి. ఎందుకట్లా మారిందో శాస్త్రవేత్తల మధ్య ఇంకా తేలలేదు. తెలివైన పిల్ల ఎవరైనా అడిగితే ఆ మాటే చెప్పు, జవాబు అల్లకు.

మీ బడిలో గ్లోబు లేదన్నావు. నా దగ్గరున్నది దేవరకొండ మీదుగా పోయే బస్సులో పార్సిల్ వేస్తా. క్లాసు ఏ రోజో ఖాయం చేసి మెసేజ్ పెట్టు. దాని స్టాండు స్క్రూ వదులుగా ఉంది, తిప్పేటప్పుడు కింద చెయ్యి పెట్టు.

నీ మామయ్య