షోరూమ్‌కి 20 టన్నుల వాటర్ కూల్డ్ ప్యాకేజ్ ఏసీ పెట్టిస్తున్నాం. బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి. ఈ సైజు యూనిట్ రోజుకు పది గంటలు పూర్తి లోడులో నడిస్తే, కూలింగ్ టవర్‌లో (ఏసీ వేడిని మోసుకొచ్చిన నీళ్లని గాలితో చల్లబరిచే టవర్) వెయ్యి లీటర్లకు పైనే ఆవిరైపోతాయి. బ్లోడౌన్‌కి, అంటే లవణాలు చిక్కబడకుండా బయటికి వదిలేవి అదనం. మన బోరు నీళ్లు చాలాచోట్ల సున్నం ఎక్కువున్న కఠిన జలమే. ఆ కాఠిన్యాన్ని తీసే సాఫ్ట్‌నర్ లేకుండా నేరుగా వాడితే కండెన్సర్ (గ్యాస్ వేడిని నీళ్లకి వదిలే భాగం) ట్యూబుల్లో సున్నపు పొర కట్టి హై ప్రెషర్ ట్రిప్పులు, అంటే గ్యాస్ ప్రెషర్ పెరిగి ఏసీ దానంతటదే ఆగిపోవడం మొదలవుతాయి.

టవర్‌ని డాబా మీద నాలుగు వైపులా గాలి ఆడేచోట పెట్టించండి. నీళ్లతో నిండిన బరువుకి శ్లాబు ఆగుతుందో లేదో ఇంజనీరు చెప్పాలి, ఏసీ మేస్త్రీ కాదు. టన్నుకి నిమిషానికి సుమారు 11 లీటర్ల ప్రవాహం ఉండేలా పంపు ఎంచుకోవాలి.

చాలామంది ఎగ్గొట్టే పని ఫ్లషింగ్, అంటే పైపుల్లోపల కడగడం. పైపులు వెల్డింగ్ అయ్యాక కండెన్సర్‌ని బైపాస్ చేసి నీళ్లు తిప్పి, స్ట్రైనర్ (చెత్తని ఆపే జల్లెడ) విప్పి చూడండి: వెల్డింగ్ చిట్టెం, తుప్పు, ఇసుక కనిపిస్తాయి. అది శుభ్రంగా వచ్చేదాకా కండెన్సర్‌లోకి నీళ్లు వదలొద్దు.

నీళ్లు పారకపోతే కంప్రెసర్ స్టార్ట్ కాకుండా ఆపే ఫ్లో స్విచ్ (నీళ్ల ప్రవాహాన్ని పసిగట్టే స్విచ్) ఇంటర్‌లాక్ తప్పనిసరి. పంపు ఆపించి, మీ కళ్లముందే పరీక్షించమనండి.

విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లలో టవర్ నీళ్లు అంతగా చల్లబడవు. హైదరాబాద్ పొడి ఎండల్లోనే దీని లాభం ఎక్కువ.