తొమ్మిది చేతులు ‘మెజారిటీ’ అవుతాయా?

సందేహం: మాది కోనసీమలో కాలువ చివరి ఊరు. దాళ్వాకి (రబీ పంటకి) కాలువ ఎప్పుడు కట్టేయమని, అంటే నీరు ఆపమని, అడగాలన్న దానిపై మా నీటి సంఘంలో 21 మంది చేతులెత్తారు. ఏప్రిల్ 5కి 9, 15కి 5, 25కి 7. మినిట్స్ పుస్తకంలో ‘సంఘం మెజారిటీతో ఏప్రిల్ 5ను కోరుకుంది’ అని రాశారు. ‘ఏకగ్రీవంగా’ అని మార్చమని కొందరంటున్నారు. ఏది సరి?

సమాధానం: రెండూ సరికావు. ‘కోరుకుంది’ అన్న క్రియ కూడా మార్చాలి.

మెజారిటీకి తెలుగులో రెండు వాడుకలు పాతుకుపోయాయి. ‘రెండువేల మెజారిటీతో గెలిచాడు’ అంటే తరువాతివాడితో ఉన్న తేడా. ‘మెజారిటీ సభ్యులు ఒప్పుకున్నారు’ అంటే సగానికి మించినవారు. మొదటి లెక్కన మీ సభలో ఏప్రిల్ 5కి రెండు ఓట్ల మెజారిటీ ఉంది. రెండో లెక్కన లేదు, 11 చేతులు లేవాలి. తీర్మానం చదివే ఇంజనీరు రెండో అర్థమే తీసుకుంటాడు. ‘అధిక సంఖ్యాకులు’ అన్నా అదే చిక్కు. 9కి తగిన మాట ‘తక్కిన తేదీలకన్నా ఎక్కువ ఓట్లు’.

ఈ తేడా పట్టించుకోవలసిందే, ఎందుకంటే పంట దానిమీద ఉంది. ఎగువ రైతులు ముందు ఊడ్చి ముందు కోస్తారు. కాలువ త్వరగా కడితే గుర్రపుడెక్క, పూడిక తీసే పనులు సార్వాకి (ఖరీఫ్‌కి) ముందే అవుతాయని వాళ్ల ఆత్రం. మీలాంటి శివారు ఊళ్లకి నీరు ఆలస్యంగా చేరుతుంది, నాట్లూ ఆలస్యమే. గింజ పాలుపోసుకునే వేళ తడి అందకపోతే తాలు మిగులుతుంది. కాబట్టి 5 అన్నవారికి 25 కన్నా 15 నయం, 25 అన్నవారికి 5 కన్నా 15 నయం. 15నీ 5నీ మాత్రమే నిలబెడితే 12–9తో 15 గెలుస్తుంది. 15కీ 25కీ పెడితే 14–7. అందరికన్నా తక్కువ చేతులు లేచిన తేదీయే మిగతా రెండింటినీ ఓడిస్తోంది! ఆర్థికవేత్త డంకన్ బ్లాక్ 1948లో చూపింది ఇదే: తేదీల్లాంటి ఎంపికలు ఒకే వరుసలో ఉండి, తనకు నచ్చిన చోటునుంచి దూరమయ్యేకొద్దీ ఎవరికైనా ఇష్టం తగ్గుతుంటే, మధ్య ఓటరు మెచ్చినది జంట పోటీల్లో ఓడదు. మీ 21 మందిని కోరిన తేదీల వరుసలో నిలబెడితే మధ్యవాడు 11వ రైతు, ఆయన తేదీ 15.

అన్ని విషయాలూ ఇలా వరుసలో ఒదగవు. తూము, పూడిక, గట్టు – డబ్బు ముందు దేనికి? ఏడుగురు ఈ వరుసే చెప్పారనుకోండి. ఇంకో ఏడుగురు పూడిక, గట్టు, తూము అన్నారు. మిగిలినవారు గట్టు, తూము, పూడిక అన్నారు. తూము పూడికను, పూడిక గట్టును, గట్టు తూమును, ప్రతిసారీ 14–7తో ఓడిస్తాయి. ఫ్రెంచి మేధావి కాండర్సే 1785లోనే గుర్తించిన చిక్కు ఇది. ఇక్కడ ముందు రెండిటికి పోటీ పెట్టి, గెలిచినదాన్ని మూడోదానితో నిలబెడితే, చివరి పోటీకి అట్టిపెట్టిన పని గెలుస్తుంది, అంటే అజెండా వరుస రాసినవారి చేతిలో ఫలితం ఉంటుంది. మూడు లేదా అంతకన్నా ఎక్కువ ప్రత్యామ్నాయాలున్నప్పుడు, న్యాయమనిపించే కొద్దిపాటి షరతులన్నిటినీ నిలుపుతూ వ్యక్తుల వరుసలనుంచి సంఘం వరుస తీసే పద్ధతి లేదని ఆర్థికవేత్త కెనెత్ ఆరో (Arrow) 1951లో నిరూపించాడు. అందుకే ‘సంఘం తీర్మానించింది’, ‘సంఘం పంపింది’ అనవచ్చు గానీ, ‘సంఘం కోరుకుంది’ అనకూడదని నా అభిప్రాయం. కోరికలు సభ్యులవి.

‘9 మంది కోరారు’ అన్నా పూర్తిగా నిలవదు. వచ్చే ఏడు 25 వాళ్లు తమది నెగ్గదని ముందే పసిగట్టి 15కి చేతులెత్తవచ్చు. అప్పుడు 15కి 12 వస్తాయి, వారి అసలు కోరిక మాత్రం 25. కనీసం మూడు ఫలితాలకు అవకాశమున్న చోట, ఒక్కరి మాటే చెల్లే నియంతృత్వం తప్ప, ఇలాంటి ఎత్తుగడకు తావివ్వని ఓటింగు పద్ధతి లేదని తత్వవేత్త అలన్ గిబ్బర్డ్ 1973లో, ఆర్థికవేత్త మార్క్ సాటర్త్‌వైట్ 1975లో విడివిడిగా తేల్చారు. సభలో కనిపించింది చేతులే కాబట్టి ‘ఓటు వేశారు’ అన్నంతవరకే రాయాలి.

ఏకగ్రీవం సంగతి. పంచాయతీ ఎన్నికల్లో ఒకే నామినేషను మిగిలితే ఏకగ్రీవం అంటాం, పోటీ లేదన్నంతవరకే దాని అర్థం. దానికి ప్రభుత్వం ప్రోత్సాహకం కూడా ఇస్తుంది కనుక, ఆ మాట వెనుక అందరి ఇష్టం ఉందో లేదో చెప్పలేం. తీర్మానంలో మాత్రం ఎదురు ఓటు ఒక్కటీ లేనప్పుడే అది చెల్లుతుంది. మూడు తేదీలకు చేతులు లేచాక అలా రాస్తే అబద్ధమే. తరువాత అందరూ 15కి ఒప్పుకుంటే మళ్లీ ఓటు పెట్టి, ఆ రెండో ఓటుకే ‘ఏకగ్రీవంగా’ రాయండి.

ఇప్పటికి ఇలా సరిదిద్దండి: ‘హాజరైన 21 మందిలో ఏప్రిల్ 5కి 9 మంది, 15కి ఐదుగురు, 25కి ఏడుగురు ఓటు వేశారు. ఏ తేదీకీ సగానికి మించి ఓట్లు రాలేదు. 15ను మిగతా రెండు తేదీలతో విడివిడిగా మళ్లీ ఓటుకు పెట్టాలని సంఘం తీర్మానించింది.’ ఈ చివరి వాక్యానికి సభ ఆమోదం తీసుకున్నాకే దాన్ని పుస్తకంలో చేర్చండి.