నా పాత బూట్లు అడిగావట

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు రాళ్ల కొండల్లో ఎనిమిది రోజులు నడవబోతున్నావట. ఎంత పొంగిపోయానో అంత టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్ పెట్టేసే ముందు మెల్లిగా అడిగింది, "అక్కా, నీ తోలు బూట్లు దానికి సరిపోతాయట, ఇస్తావా?" అని.

ఇవ్వను. కోపం తెచ్చుకోకుండా చదువు.

అటక మీదున్నది నా రెండో జత. మొదటి జత సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. దాన్ని ఐదేళ్లు బాగా వాడి, తర్వాత తొమ్మిదేళ్లు అట్టపెట్టెలో దాచాను. ఏటా తీసి దుమ్ము దులిపి, మైనం రాసి, మురిసిపోయి మళ్లీ పెట్టేదాన్ని. మళ్లీ కొండెక్కే అవకాశం రాగానే అవే తొడుక్కున్నాను. కొత్తవి కొందామని మీ పెదనాన్న అంటే, "తోలు చూడండి, అద్దంలా లేదూ?" అన్నాను.

రెండో రోజు దిగుతుంటే కుడి మడమ కింద ఏదో వదులైనట్టనిపించింది. చూస్తే సోల్ నోరు తెరిచింది. గంట తిరక్కుండా ఎడమదీ అంతే. తోలుకీ కింది రబ్బరుకీ మధ్య పాలీయూరిథేన్ నురుగు పొర ఒకటుంటుంది. వేలు పెడితే పాత గోడ సున్నంలా పొడిపొడిగా రాలింది. గాలిలో తేమే దాన్ని లోలోపల తినేస్తుంది. వాడకుండా దాచినా ఆగదు. నేను తొమ్మిదేళ్లు మైనం రాసింది తోలుకి. పోయింది దాని కింద.

టెంటు తాడుతో సోళ్లు కట్టాం. రాళ్ల మీద తాడెంతసేపు ఆగుతుంది? తెగడం, కట్టడం, మళ్లీ తెగడం. చివరికి ఆయన ముందు, నేను ఆయన భుజం పట్టుకుని వెనక. గంటన్నర దారికి ఐదు గంటలు పట్టింది. ఒకచోట నేను జారితే, ఆపబోయి ఆయన మోకాలు బండకి కొట్టుకుంది. మెట్లు దిగేటప్పుడు పెదనాన్న గోడ పట్టుకోవడం చూసి, వయసు మీద పడిందని నవ్వావు కదా. వయసు కాదే. ఆ రోజు ఆయన నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు అటక మీదున్నవాటి వయసు పన్నెండేళ్లు. చూడ్డానికి కొత్తవే. నా భయమూ అదే.

కాబట్టి కొత్తవి కొనుక్కో. వెలుపలి పొర గీకేయని ఫుల్ గ్రెయిన్ తోలు చూడు, అలాంటి దారికి రెండున్నర మిల్లీమీటర్ల మందమైనా ఉండాలి. పైన కుట్లు ఎంత తక్కువైతే అంత మంచిది, నీళ్లు దూరేదీ ముందు తెగేదీ అక్కడే. ముక్కు చుట్టూ రబ్బరు పట్టీ ఉండాలి. బూటుని చేత్తో మెలితిప్పు. తడిబట్టలా తిరిగిందా, అక్కడే పెట్టేయ్. ముఖ్యంగా సోల్ మార్చడానికి వీలుందా అని అడుగు. వెల్ట్, అంటే పై తోలునీ సోల్‌నీ కలిపే పట్టీ, పెట్టి కుట్టినదైతే అరిగాక మార్చుకోవచ్చు. మధ్యలో నురుగు పొర ఉంటే, తయారై ఎన్నాళ్లయిందో కూడా అడుగు. సిగ్గుపడకు.

ఈవిడకి సోల్ పిచ్చి అనుకుంటున్నావేమో. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో, చాలీచాలని బూట్లతో మంచు తుఫానులో చిక్కుకుని ఆరుగురు చనిపోయారు. వాళ్లతో వెళ్లిన విటాలే బ్రమానీ ఆ బాధతోనే లోతైన గాట్ల రబ్బరు సోల్ తయారుచేశాడు. ఇప్పుడు బూట్ల అడుగున కనిపించే పసుపు రంగు వైబ్రమ్ ముద్ర ఆయనదే. పిచ్చి నా ఒక్కదానిదే కాదు.

సాయంత్రం వెళ్లి కొను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. దారిలో వేసుకునే మందపాటి సాక్సుతోనే తొడిగి చూడు. ఏటవాలు మీద నుంచి దిగు. వేళ్లు ముందుకి తగిలితే ఆ సైజు వద్దు, గోళ్లు నల్లబడి ఊడతాయి. ఎక్కేటప్పుడు మడమ లేస్తే బొబ్బలే. బిగుతుగా ఉంటే "వాడగా వాడగా సాగుతాయి" అంటారు. వెడల్పు కాస్త సాగుతుంది, పొడవు సాగదు. కొన్న వెంటనే ఇంట్లో, తర్వాత బయట, బరువు మోస్తూ నెల రోజులైనా నడువు. తడిస్తే మంట దగ్గర పెట్టకు, తోలు బీటలిస్తుంది. లోపల కాగితాలు కుక్కి నీడన ఆరబెట్టు.

మీ అమ్మ నిన్ను ఆపమంది. నేను ఆపను. ఆ వయసులో నన్నెవరాపినా వినేదాన్ని కాదు.

బూట్ల ఫొటో పంపకపోయినా పర్లేదు. మెట్లు దిగినప్పుడు వేళ్లు తగిలాయో లేదో మాత్రం అదే రోజు ఫోన్ చేసి చెప్పు. పెదనాన్న కూడా అడుగుతున్నారు.

మీ పెద్దమ్మ