పాత కలపతో పెరట్లో చాటు: మా అమ్మ కోసం నేను కట్టింది

పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ లేచాక మీ అత్తగారు పెరట్లో కూర్చోవడం మానేశారని, ఊళ్ళో పడగొట్టిన ఇంటి టేకు తలుపులు, ఒక ద్వారబంధం మీ దగ్గర ఉన్నాయని, వాటితో తక్కువ ఖర్చులో ఏదైనా మరుగు కట్టుకోవచ్చా అని అడిగారు. నిక్షేపంగా కట్టుకోవచ్చు. మాది విజయవాడ సింగ్‌నగర్. తలంటుకున్న రోజు పెరట్లో కుర్చీ వేసుకుని జుట్టు ఆరబెట్టుకోవడం మా అమ్మకి చిన్నప్పటి నుంచి అలవాటు. పక్కన బాల్కనీలు వచ్చాక గదిలో ఫ్యాను కింద ఆరబెట్టుకోవడం మొదలుపెట్టింది. అది చూడలేకే ఈ పనికి దిగాను.

రంపం పట్టుకునే ముందు మీ అత్తగారు కూర్చునే చోటే మీరు కాసేపు కూర్చోండి. ఎక్కడి నుంచి చూపు పడుతోందో అక్కడే తెలుస్తుంది. అందరికీ ముందు ప్రహరీ ఎత్తు పెంచాలనే తోస్తుంది. మా పెరటి లెక్క చెబుతాను. రెండో అంతస్తు బాల్కనీలో నిలబడ్డవాళ్ళ కళ్ళు నేల నుంచి దాదాపు 25 అడుగుల ఎత్తున, అమ్మ కుర్చీకి 30 అడుగుల దూరాన ఉంటాయి. కూర్చున్న మనిషి తల 4 అడుగుల ఎత్తు. కుర్చీకి 15 అడుగుల దూరంలో ఉన్న ప్రహరీ దగ్గర అడ్డు పెట్టాలంటే అది పద్నాలుగున్నర అడుగులు లేవాలి. అదే కుర్చీకి 3 అడుగుల దూరంలో పెడితే 6 అడుగుల 2 అంగుళాలు సరిపోతుంది. చాటు ఇంటికి కాదు, మనిషికి కట్టాలి. ఇంకా పై అంతస్తుల నుంచి పడే చూపుని నిలువు అడ్డు ఆపలేదు. అక్కడ పందిరి వేసి చిక్కుడో, బీరో, రాధామనోహరమో పాకించడమే దారి.

మొదటిసారి నేను తలుపుల్ని ఉన్నవి ఉన్నట్టే పక్కపక్కన నిలబెట్టి, కర్ర గుంజలు నేలలో పాతాను. రెండు తప్పులూ ఒకేసారి బయటపడ్డాయి. సందు లేని అడ్డు గాలికి తెరచాపలా పనిచేస్తుంది. మే నెలలో ఒక సాయంత్రం గాలివానకి మొత్తం ఒరిగిపోయింది. గుంజ పైకి లాగి చూస్తే మట్టిలో ఉన్న జానెడు ముక్క చెదలు తినేసి, వేలితో నొక్కితే పొడిగా రాలింది. పైగా ఆ అడ్డు నిలబడ్డన్నాళ్ళూ వెనక గాలి ఆడక అమ్మ ఉక్కపోత అంటూనే ఉంది.

రెండోసారి గుంజలకి రెండంగుళాల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) చదరపు పైపులు తీసుకున్నాను. అడుగున ప్లేటు వెల్డింగ్ చేయించి, కాంక్రీటు దిమ్మెలో యాంకర్ బోల్టులతో బిగించాను. తలుపుల్ని మూడంగుళాల పట్టీలుగా కోయించి పైపులకి ముందు ఒక వరస, వెనక ఒక వరస కొట్టాను. ముందు వరసలో ఉన్న సందుకి వెనక పట్టీ అడ్డొస్తుంది, రెండు వైపులా కాస్త ఎక్కువే కప్పుతుంది. చూపు ఆగుతుంది, గాలి ఆగదు. అన్నిటికంటే కింది పట్టీ నేలకి నాలుగంగుళాల పైన ఉంది. కర్ర మట్టిని తాకకుండా చూసుకోండి, మన దగ్గర సగం చెదల బాధ అక్కడే తీరిపోతుంది. డాబా మీద కట్టేవాళ్ళు మాత్రం శ్లాబుకి రంధ్రాలు వేయకండి, వాన నీళ్ళు దిగుతాయి.

పాత కలపలో మేకులు దాక్కుని ఉంటాయి. పాడైన స్పీకరు అయస్కాంతాన్ని పలక మీద మెల్లగా జరిపాను. రంగు కింద ఏమీ కనబడని చోట కూడా చటుక్కున అతుక్కునేది. అలా ఒక్క తలుపులోనే 11 మేకులు దొరికాయి. వాటిని తీయకుండా మిల్లుకి పంపితే బ్లేడు పోతుంది, కోసేవాళ్ళకీ ప్రమాదం. తలుపుల మీది పాత రంగు సంగతి ఇంకా ముఖ్యం. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా ఉప్పుకాగితం పట్టకండి. తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి, ఆ పొట్టు పిల్లల కాళ్ళ కిందకి రానివ్వకండి.

టేకు గట్టిది. ముందు డ్రిల్లుతో సన్న రంధ్రం వేసి, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూకి కాస్త సబ్బు రాసి బిగిస్తే విరగదు. పట్టీల కొసలు నీళ్ళు బాగా పీల్చుకుంటాయి, అక్కడ అవిసె నూనె రెండు మూడు సార్లు పట్టించండి. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. వేడెక్కి వాటంతటవే అంటుకోగలవు. విప్పి ఆరుబయట ఆరేయండి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి ఆ నీళ్ళు మా వీధిలో రోజుల తరబడి నిలిచాయి. చాటు నడుము దాకా మునిగింది. ఖర్చు తగ్గుతుందని ఒక పక్క వేసిన ప్లైవుడ్ ముక్క పొరలు పొరలుగా విచ్చుకుపోయింది. టేకు పట్టీల్ని బురద కడిగి, నీడన ఆరబెట్టి, మళ్ళీ నూనె పట్టించాను. ఇప్పటికీ అవే ఉన్నాయి.

ఆ ద్వారబంధాన్ని మాత్రం కోయించకండి. చాటు లోపలికి వెళ్ళే దారిలో అలాగే నిలబెట్టించండి. మేము మా తాతగారి ఇంటి ద్వారబంధాన్ని గడపతో సహా అలాగే నిలబెట్టాం. అమ్మ శుక్రవారం ఆ గడపకి కూడా పసుపు రాసి, లోపలికెళ్ళి జుట్టు ఆరబెట్టుకుంటోంది.