పాటలు షేర్ చేసినందుకు కేసులు: జనానికి అంత కోపం ఎందుకొచ్చిందంటే

మీరు అడిగినవి రెండు. అమెరికాలో 2003 నుంచి మ్యూజిక్ కంపెనీలు పాటలు షేర్ చేసుకున్న మామూలు మనుషుల మీద వేల కేసులు వేస్తే జనం తిరిగి ఆ కంపెనీల మీదే ఎందుకు మండిపడ్డారు, దొంగతనం దొంగతనమే కదా అని ఒకటి. మీ తమ్ముడు ఈ ఫాల్ కి, అంటే ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే సెమిస్టర్ కి, అమెరికాలో ఎమ్మెస్ చేయడానికి వెళ్తున్నాడు, ఇప్పటికీ అలాంటి భయం ఉందా అని ఇంకోటి. నేను 2006 ఫాల్ లో వెళ్ళానండి, 2007 ఏప్రిల్ లో మా గదికి అలాంటి లెటరే వచ్చింది, అందుకని కొంచెం పెద్దగానే రాస్తున్నా.

ముందే చెప్పేస్తాను, ఆ పాటలు దించింది నేను. లెటర్ వచ్చింది మాత్రం నా పేరు మీద కాదు.

మిడ్‌వెస్ట్ లో ఒక యూనివర్సిటీ, క్యాంపస్ అపార్ట్‌మెంట్ లో నలుగురం తెలుగువాళ్ళం ఉండేవాళ్ళం. నెట్ యూనివర్సిటీదే, రూటర్ పెట్టుకోవాలంటే ఎవరో ఒకళ్ళ స్టూడెంట్ ఐడీతో రిజిస్టర్ చేయాలి, అందరికంటే ముందు గదిలో దిగిన రూమ్మేట్ ఒకడుంటే వాడి ఐడీ ఇచ్చేసాం. వాడిది సూర్యాపేట దగ్గర ఒక పల్లె, నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. హాల్లో ఎవరో సీనియర్ వదిలేసి పోయిన డెస్క్‌టాప్ ఉండేది, దాంట్లో లైమ్‌వైర్, అంటే ఒకళ్ళ కంప్యూటర్ లోంచి ఇంకొకళ్ళు పాటలు దించుకునే సాఫ్ట్‌వేర్, వేసింది నేను. ల్యాబ్ లో తోటివాళ్ళు బ్యాండ్ల గురించి మాట్లాడుకుంటుంటే నాకు తలా తోకా తెలిసేది కాదు, వాళ్ళలో కలవాలని రాత్రుళ్ళు కూర్చుని ఆ పాటలన్నీ దించేవాణ్ణి. దించిన ప్రతి పాటా షేర్డ్ ఫోల్డర్ లో పడుతుందని, అక్కణ్ణించి ప్రపంచంలో ఎవరైనా తీసుకోవచ్చని, మనం వెళ్ళి ఆ సెట్టింగ్ మార్చితే తప్ప అది ఆగదని నాకు నిజంగా తెలీదు. కంపెనీలు డబ్బులిచ్చి మనుషుల్ని పెట్టుకుని వెతికించేది ఆ ఫోల్డర్లనే. వాళ్ళు కూడా మామూలు యూజర్ లాగానే ఆ నెట్‌వర్క్ లోకి వచ్చి, ఏ ఫోల్డర్ లో ఏ పాటలున్నాయో స్క్రీన్‌షాట్ తీసుకుని, కొన్ని పాటలు దించుకుని, ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్ కి ఉండే నంబరు), తేదీ, టైము రాసుకుంటారు. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నది ఎవరు అనేది దాంట్లో ఎక్కడా ఉండదు.

2007 ఫిబ్రవరి ఆఖర్లో మ్యూజిక్ కంపెనీలవాళ్ళు కొత్త పద్ధతి మొదలుపెట్టారు, మొదటి విడతలోనే 13 యూనివర్సిటీలకి 400 లెటర్లు పంపారు, కేసు వేయకముందే సెటిల్ చేసుకోండి అని. ఆ తర్వాత నెలనెలా ఇంకో విడత. యూనివర్సిటీ వాళ్ళు రూటర్ ఎవరి పేరు మీద ఉందో చూసి మా రూమ్మేట్ కి ఫార్వర్డ్ చేసారు. వాడు ఆ మెయిల్ ప్రింట్ తీసుకుని నా దగ్గరకొచ్చి, అన్నా ఇదేంది, నేనేం చేసిన అన్నాడు. ఆ మొహం ఇప్పటికీ నాకు గుర్తుంది. లెటర్ లో ఒక నంబరు, ఒక ఐపీ అడ్రస్, 20 రోజుల గడువు, ఈలోపు సెటిల్ చేసుకుంటే తక్కువలో పోతుంది, లేదంటే ఫెడరల్ కోర్టులో దావా. వెబ్‌సైట్ లోకి వెళ్ళి ఆ నంబర్ కొట్టి క్రెడిట్ కార్డ్ తో కట్టేయొచ్చు, కరెంటు బిల్లు కట్టినట్టే. మొత్తం 3,000 డాలర్లు.

అప్పట్లో డాలర్ 41 రూపాయలు వేసుకోండి, లక్షా ఇరవై వేల పైమాటే. వాడి చదువుకే వాళ్ళ నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తెచ్చాడు. వాడు క్యాంపస్ డైనింగ్ హాల్ లో గంటకి 8 డాలర్లకి గిన్నెలు కడిగేవాడు, స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు కదా, అంటే 3,000 అంటే 375 గంటలు, దాదాపు 19 వారాలు తిండి అద్దె ఏమీ లేకుండా కడిగితే. ఆ లెక్క వాడే వేసాడు, పేపర్ వెనకాల.

గదిలో భయం మామూలుగా లేదు. ఒకడు ఐ-20, అంటే స్టూడెంట్ వీసాకి ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే కాగితం, పోతుంది అన్నాడు, ఇంకొకడు మళ్ళీ వీసా స్టాంపింగ్ కి వెళ్తే రిజెక్ట్ చేస్తారు అన్నాడు, మా సీనియర్ ఒకాయన మాట్లాడకుండా కట్టేయండిరా అన్నాడు. చివరికి స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ లో, అంటే విద్యార్థులకి న్యాయ సలహా ఇచ్చే యూనివర్సిటీ ఆఫీసులో, లాయర్ దగ్గరకి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ ఓపిగ్గా విని, ఇది సివిల్ వ్యవహారం, క్రిమినల్ కేసు కాదు, దీనికీ మీ వీసా స్టేటస్ కీ నేరుగా సంబంధం లేదు అని చెప్పేసరికి వాడు కుర్చీలో వెనక్కి వాలాడు. అప్పుడు నేను చెప్పా, మేడమ్, ఇది చేసింది నేను, వాడు ఆ కంప్యూటర్ ముట్టుకోలేదు, నేను రాసిస్తాను అని. ఆవిడ అన్నది నేను మర్చిపోలేను. నువ్వు ముందుకొస్తే ఆ డిమాండ్ నీ మీదకి వస్తుంది, మొత్తం తగ్గదు. అతను చేయలేదు అని నిరూపించుకోవచ్చు, గెలవొచ్చు కూడా, కానీ ఫెడరల్ కోర్టులో లాయర్ ని పెట్టుకుంటే 3,000 కి ఎన్నో రెట్లు అవుతుంది, గెలిచినా ఆ ఖర్చు తిరిగొస్తుందని గ్యారంటీ లేదు.

జనం కోపానికి అసలు కారణం ఇక్కడే ఉందండి. తప్పు చేసినవాడికీ చేయనివాడికీ ఒకటే రేటు. పోట్లాడ్డానికి అయ్యే ఖర్చు కంటే బాగా తక్కువలో సెటిల్‌మెంట్ రేటు పెట్టారు కాబట్టి అందరూ కట్టేస్తారు, చేసావా లేదా అని అడిగే చోటు ఆ దారిలో ఎక్కడా రాదు. మేమూ కట్టాం. నా దగ్గర ఉన్నది 1,800, మిగతాది ఇద్దరు రూమ్మేట్ల దగ్గర అప్పు, ఎండాకాలం మొత్తం పని చేసి తీర్చా. డబ్బు నాదే గానీ కార్డు వాడిది, సంతకం వాడిది, ఆ కాగితం మీద పేరు ఈరోజుకీ వాడిదే. ఇంట్లో చెప్పలేదు.

అదే ఏడాది అక్టోబర్ లో మిన్నెసోటా రాష్ట్రం డులూత్ లో జ్యూరీ తీర్పు వచ్చింది. ఈ కేసుల్లో జ్యూరీ దాకా వెళ్ళిన మొదటిది అదే, జేమీ థామస్ అనే ఆవిడ మీద, లైమ్‌వైర్ లాంటిదే అయిన కజా లో 24 పాటలు షేర్ చేసిందని. పాటకి 9,250 చొప్పున 2,22,000 డాలర్లు. ఆ 24 పాటలూ ఐట్యూన్స్ లో కొనుక్కుంటే పాటకి 99 సెంట్లు, మొత్తం 24 డాలర్లు కూడా కావు. ఆ వార్త చదివి మా వాడు ఏమన్నాడో తెలుసా, అన్నా మనం లక్కీ, మూడు వేలతో బయటపడ్డం అన్నాడు. చేయని పనికి తన పేరు మీద డబ్బు కట్టిన మనిషి, కట్టనిచ్చినందుకు సంతోషపడుతున్నాడు. నాకు కోపం నిజంగా వచ్చింది ఆ రోజే, లెటర్ వచ్చిన రోజు భయం మాత్రమే.

ఇంత పెద్ద అంకెలు ఎక్కణ్ణించి వచ్చాయంటే, అక్కడి కాపీరైట్ చట్టంలో నష్టం ఎంతో లెక్క చూపించక్కర్లేదు, ఒక్కో పాటకి కనీసం 750, గరిష్టంగా 30,000, కావాలని చేసారని తేలితే 1,50,000 డాలర్ల దాకా వేయొచ్చు. 1999లో ఆ రేట్లు పెంచారు. దొంగ సీడీలు వేలకు వేలు కొట్టి అమ్ముకునేవాడికీ, హాల్లో కూర్చుని నాలుగు పాటలు దించుకునేవాడికీ అదే పట్టిక. థామస్ కేసు విన్న జడ్జికే ఇది మింగుడుపడలేదు, 2008లో జ్యూరీకి తను చెప్పిన రూల్ తప్పని ఆ తీర్పు కొట్టేస్తూ, చట్టం మార్చమని పార్లమెంటుని, అదే అక్కడి కాంగ్రెస్ ని, తన ఆర్డర్ లోనే కోరాడు. మళ్ళీ విచారణ జరిగితే 2009లో రెండో జ్యూరీ ఏకంగా 19 లక్షల 20 వేల డాలర్లు వేసింది, పాటకి 80,000. జడ్జి 54,000కి తగ్గించాడు. 2010లో మూడో జ్యూరీ 15 లక్షలు వేస్తే, జడ్జి మళ్ళీ 54,000కి తగ్గించాడు. చివరికి 2012లో పై కోర్టు మొదటి అంకె 2,22,000 నే ఖాయం చేసింది, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వినను పొమ్మంది. ఆవిడ అబద్ధాలాడిందని జ్యూరీ నమ్మింది, హార్డ్ డిస్క్ మార్చిన విషయం కూడా ఆవిడకి బాగా ఎదురు తిరిగింది, అది నేను దాచట్లేదు. తప్పు చేసి ఉండొచ్చు. కానీ 24 పాటలకి ఒక్కో జ్యూరీ ఒక్కో అంకె, 2 లక్షల నుంచి 19 లక్షల దాకా చెప్తుంటే ఆ అంకె దేన్ని కొలుస్తున్నట్టు?

మేం వెళ్ళకముందు నుంచే జనం మండుతున్నారు లెండి. 2003 సెప్టెంబర్ 8న ఆర్ఐఏఏ, అంటే అక్కడి రికార్డింగ్ కంపెనీల సంఘం, ఒక్క రోజే 261 మంది మీద కేసులు వేయించింది, అందులో న్యూయార్క్ లో ప్రభుత్వ ఇళ్ళలో ఉండే 12 ఏళ్ళ పిల్ల ఒకతి. మరుసటి రోజుకే వాళ్ళమ్మ 2,000 డాలర్లకి సెటిల్ చేసుకుంది. మసాచుసెట్స్ లో 66 ఏళ్ళ శిల్పి ఒకావిడ ర్యాప్ పాటలు పంచిందని కేసు వేసారు, ఆవిడకున్నది మ్యాక్, అంటే యాపిల్ కంప్యూటర్, కజా అందులో నడవనే నడవదు, కేసు వెనక్కి తీసుకున్నారు. 2005లో వెస్ట్ వర్జీనియాలో అప్పటికే చనిపోయిన 83 ఏళ్ళ పెద్దావిడ పేరు మీద దావా వేసారు, ఇంట్లో కంప్యూటరే పెట్టనివ్వలేదని కూతురు చెప్పింది. మిషిగన్ లో ఇంకో కేసు, నడుస్తుండగా ఆయన చనిపోతే, కుటుంబం దుఃఖపడ్డానికి 60 రోజులు ఆగుతాం అని కంపెనీల లాయర్లు కోర్టులో కాగితం పెట్టారు, ఆ తర్వాత పిల్లల్ని విచారిస్తారట. మన దగ్గరైతే సంవత్సరీకం కూడా అవ్వదు. జనం తిట్టి పోస్తే అది వదిలేసారు. ఇలాంటి ఒక్కొక్క వార్తా పేపర్లో వస్తుంటే, జీవితంలో ఒక్క పాట దించుకోనివాళ్ళు కూడా రేపు మా ఇంటికి రాదని ఏంటి నమ్మకం అనుకున్నారు. పిల్లలున్న ప్రతి ఇల్లూ, వైఫై ఉన్న ప్రతి ఇల్లూ. అక్కడి సెనేట్ లో కూడా 2003 సెప్టెంబర్ లోనే విచారణ పెట్టారు, దాన్ని నడిపిన మిన్నెసోటా సెనేటర్ నార్మ్ కోల్‌మన్ తనే ఒకప్పుడు నాప్‌స్టర్ (అదీ పాటలు పంచుకునే సాఫ్ట్‌వేరే) వాడానని ఒప్పుకున్నాడు.

ఇక దొంగతనం దొంగతనమే కదా అన్నారు. నేను చేసింది తప్పే అండి, ఎవరో కష్టపడి చేసిన పాట డబ్బివ్వకుండా తీసుకున్నా, పైగా పంచా. పాటకి డాలర్ చొప్పున కాదు, పది డాలర్ల చొప్పున కట్టమన్నా నోరు మూసుకుని కట్టేవాణ్ణి, న్యాయమే అనుకునేవాణ్ణి. మా ఊళ్ళో ఆడియో క్యాసెట్ల షాపు ఆయన ఎంపీ3 సీడీలొచ్చాక షాపు మూసేసి కిరాణా పెట్టుకోవడం నేను చూసా, కాబట్టి నష్టం లేదు అని నేను అనను. కానీ మేం కట్టిన ఆ 3,000 లో ఒక్క డాలర్ అయినా పాడినవాళ్ళకో వాయించినవాళ్ళకో వెళ్తుందని ఏ కాగితంలోనూ మాకు చెప్పలేదు. దాదాపు 35,000 మంది మీద ఇలా నడిపాక, 2008 డిసెంబర్ లో వాళ్ళే కొత్త కేసులు ఆపేస్తున్నాం అన్నారు. అప్పటికి పాటలు పంచుకోవడం ఏమన్నా ఆగిందా అంటే లేదు, మా క్యాంపస్ లో లైమ్‌వైర్ పోయి టోరెంట్ అనే ఇంకో పంచుకునే పద్ధతి వచ్చింది అంతే. జనం మారింది తర్వాత, నెలకి కొంత కట్టి అన్ని పాటలూ ఫోన్ లో వినే సదుపాయం వచ్చాక. నేనూ కడుతున్నా.

మీ తమ్ముడి సంగతి. పాటల కంపెనీలు ఇప్పుడు పిల్లల వెనకాల పడట్లేదు, ఆ తర్వాత నెట్ ఇచ్చే కంపెనీల మీద కేసులు వేస్తూ వచ్చాయి, 2019లో కాక్స్ అనే కేబుల్ కంపెనీ మీద జ్యూరీ 100 కోట్ల డాలర్లు వేస్తే 2024లో పై కోర్టు ఆ మొత్తాన్ని కొట్టేసింది. కానీ సినిమాలు తీసేవాళ్ళు కొందరు, ముఖ్యంగా పెద్దలకు మాత్రమే టైపు సినిమాల వాళ్ళు, అదే పాత పద్ధతిలో ఐపీ అడ్రస్ పట్టుకుని ఇంకా కేసులు వేస్తూనే ఉన్నారు, సెటిల్ చేసుకోమని అవే లెటర్లు. టోరెంట్ లో దించేటప్పుడే మనం పంచుతుంటాం కూడా, అది వాడికి చెప్పండి, నాకు ఎవరూ చెప్పలేదు. ఒకవేళ లెటర్ వస్తే కంగారుపడి అందులో ఉన్న నంబర్ కి ఫోన్ చేయొద్దు, అలాగే కంప్యూటర్ లో ఏదీ డిలీట్ చేయొద్దు, అది చేస్తే చేయని తప్పు కూడా చేసినట్టే కనిపిస్తుంది. గడువు తేదీ చూసుకుని నేరుగా యూనివర్సిటీ స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ కి వెళ్ళమనండి, చాలా చోట్ల ఫీజు ఉండదు, ఉన్నా కొంచెమే. సీనియర్ల మాట విని రాత్రికి రాత్రి కట్టేయొద్దు.

ఇంకోటి, ఇది మాత్రం గట్టిగా చెప్పండి. గదిలో దిగిన మొదటి రోజే నెట్ కనెక్షన్ ఎవరి పేరు మీద తీసుకుంటున్నారో అడగమనండి. వాడి పేరు మీదే అయితే గదిలో ఎవరేం దించుతున్నారో తెలుసుకోమనండి. వేరేవాళ్ళ పేరు మీద అయితే ఆ కనెక్షన్ మీద ఏం చేస్తున్నాడో ఒక్కసారి ఆలోచించుకోమనండి.