గంగాళం కిందికి దించొద్దు

అమ్మా బంగారూ,

మీ నాయన రాత్రి ఫోన్ చేసినాడు. బెంగళూరు ఉద్యోగం మానుకుని తోటకాడనే చీనీకాయల (బత్తాయి) స్క్వాష్ పెడుతున్నావంట. రేటు పడిపోయిన ఏడు కాయలు కోత కూలికి కూడా రాక చెట్టుకిందే మురిగిపోవడం చూసి పెరిగిన పిల్లవు, నువ్వు గాక ఇంకెవరు చేస్తారు! వింటుంటే కడుపు నిండింది. ఫోన్ పెట్టేముందు ఇంకో మాట అన్నాడు. వీడియోలో బాగుంటుందని అటక మీది అవ్వ ఇత్తడి గంగాళం దించుతున్నావని. ఇంక నాకు నిద్ర పట్టలేదు. లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టినాను.

ముందు మీ అమ్మ భయం సంగతి. స్క్వాష్‌లో పులుపుకు వేసే నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ ఆమ్లం, క్యాన్సర్ తెస్తుందని ఎవరో ఫోన్‌లో పంపినారంట. అది పాత పుకారు. 1976 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఒక కరపత్రం తిరిగింది. ఆస్పత్రి పేరు దొంగతనంగా పెట్టుకుని, 330 నంబరు పదార్థమే, అంటే ఈ నిమ్మ ఉప్పే, అన్నిటికంటే ప్రమాదమని రాసినారు. మన ఒంట్లో ప్రతి కణం తిండిని శక్తిగా మార్చుకునే దారిలో సిట్రిక్ ఆమ్లం పుడుతూనే ఉంటుంది. ఆ చక్రాన్ని 1937లో కనిపెట్టినాయన పేరు క్రెబ్స్. జర్మన్ భాషలో ఆ మాటకు క్యాన్సర్ అని కూడా అర్థం. అక్కడే తికమక పడి ఉంటారంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) నిపుణులు దీనికి రోజుకింత అని హద్దు కూడా పెట్టలేదు. అమ్మకు నెమ్మదిగా చెప్పు, కసురుకోవద్దు.

అయితే నువ్వు కూడా సీసా మీద ‘నిమ్మపండ్ల నుంచి తీసిన ఆమ్లం’ అని అబద్ధం రాయొద్దు. 1784లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త నిమ్మరసం నుంచే తీసినాడు, నిజమే. 1919 నుంచి దాన్ని చక్కెర మీద ఒక నల్ల బూజును పెంచి తీస్తున్నారు. కర్నూలు ఉల్లిగడ్డ పొర తీస్తే మసి అంటుకున్నట్టు కనబడుతుంది చూడు, ఆ బూజే. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. ‘అసిడిటీ రెగ్యులేటర్ 330’ అని ఉన్నదున్నట్టు రాయి.

చీనీలో తీపి ఎక్కువ, పులుపు తక్కువ. పులుపు చాలకుంటే రుచి చప్పబడుతుంది, నిలవకు వేసే మందు కూడా సరిగా పనిచేయదు. లీటరు రసానికి 20 నుంచి 25 గ్రాముల నిమ్మ ఉప్పు చాలు. చెంచాతో కాదు, కాటాతో తూచు. తినే సరుకని రాసున్న ప్యాకెట్టే కొను. పాకంలో కరిగించి, చల్లారినాక రసం కలుపు. గింజ నలగనీయొద్దు, తెల్ల తొక్క పడనీయొద్దు, రోజులు గడిచేకొద్దీ చేదెక్కుతుంది. డబ్బా మీద పేరు రాసిపెట్టు, తెల్లపొడులన్నీ ఒకేలా ఉంటాయి.

ఇప్పుడు గంగాళం.

1984, శ్రీరామనవమి. నాకు ఉద్యోగం వచ్చిన మొదటేడు. వీధి పిల్లలందరికీ పానకం బదులు నిమ్మ షర్బత్ పోస్తానని పట్టుబట్టినాను. ఎండాకాలం, నిమ్మకాయలు పిరం. నిమ్మ ఉప్పు తెచ్చి ముందురోజు సాయంత్రమే చక్కెర నీళ్ళలో కలిపి, అవ్వ గంగాళంలో పోసి మూత పెట్టినాను. ‘లోపలి కళాయి పూత పోయింది, అందులో పులుపు పెట్టొద్దే’ అని అమ్మ వంటింట్లోంచి అరిచింది. చదువుకున్నదాన్ని నేను, ఆ మాట చెవిన పెట్టలేదు.

తెల్లారి పోసినాను. అడుగు గరిటెలకు వచ్చేసరికి నాలుక మీద ఏదో లోహపు రుచి. అయినా ఆపలేదు. అరగంట తిరక్కుండా పిల్లలు వరసగా కక్కడం మొదలుపెట్టినారు. తొమ్మిది మంది. అందులో మీ నాయన, ఎనిమిదేళ్ళవాడు, పచ్చగా కక్కి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని ‘అక్కా, సచ్చిపోతానా?’ అన్నాడు. జట్కాలో ఆస్పత్రికి తీసుకుపోయినాము. డాక్టరు మొదట అడిగింది ఒకటే, ‘ఏ గిన్నెలో కలిపినారమ్మా?’ సాయంత్రానికి అందరూ తేరుకున్నారు.

వీధంతా నిమ్మ ఉప్పునే తిట్టింది. నేను ఇంటికొచ్చి గంగాళం వంచి చూసినాను. కళాయి లేచిపోయిన చోటల్లా ఇత్తడి చింతపండు పెట్టి తోమినట్టు నిగనిగలాడుతోంది. అలా తోమితే కిలుము, రాగి ఎక్కడికి పోతాయి? నీళ్ళలోకి. ఆ నీళ్ళే పిల్లల కడుపులోకి పోసినాను. ఆమ్లం రాగిని కరిగిస్తుందని ఆ వారమే తరగతిలో బోర్డు మీద రాసినదాన్ని.

ఇత్తడి వద్దు, రాగి వద్దు, సత్తుగిన్నె అసలే వద్దు. మంచి స్టీలు, గాజు, అంతే. కలిపేది ఐదు నిమిషాలే కదా అనకు, పని ఒత్తిడిలో ఐదు నిమిషాలు రాత్రంతా అవుతుంది. గంగాళం కావాలంటే కళాయి వేయించి బియ్యం పోసిపెట్టుకో, అవ్వ కూడా సంతోషిస్తుంది.

గట్టిగా రాసినానేమో, మనసులో పెట్టుకోవద్దు తల్లీ. కాపురం, పిల్లలు, ఉద్యోగం అంటూ నేను ధైర్యం చేయలేని పని నువ్వు చేస్తున్నావు. డబ్బు తగ్గితే నా పెన్షన్ ఉంది, మొహమాటపడకుండా అడుగు.

మొదటి సీసా మీ నాయనకియ్యి. ఇచ్చేముందు స్టీలు గిన్నెలో కలిపినానని చెప్పు. ఇన్నేళ్ళయినా ఎవరింట్లో నిమ్మనీళ్ళిచ్చినా ఆ మాట అడిగిగానీ తాగడు.

ఇట్లు,
మీ అత్త,
అనంతపురం