అల్లుడూ, ముందు ఆ భయం ఎవరిదో తేల్చుకో

ఒరేయ్ చిన్నా,

నువ్వు పంపిన పాటలన్నీ విన్నాను. మీ అమ్మ ఫోన్ చేసి "వాడు శవాలు, రక్తం అంటూ ఏవేవో రాస్తున్నాడు, నువ్వైనా చెప్పరా తమ్ముడూ" అని ఒకటే టెన్షన్. మానెయ్యమని చెప్పడానికి రాయడం లేదు. హారర్‌కోర్, అదే చావులు, దయ్యాలు, భయం మీద కట్టే ర్యాప్, చేస్తానంటే చెయ్యి, చదువు సంగతి నువ్వూ మీ నాన్నా చూసుకోండి. నేను తొంభైల నుంచి అమెరికాలో డెట్రాయిట్ పక్కనే ఉన్నవాణ్ణి, పగలు కార్ల కంపెనీ ఉద్యోగం, శనాదివారాలు ఒక చిన్న స్టూడియోలో మిక్సింగ్, కాబట్టి ఈ పాటలు పుట్టిన చోటు గురించి నీకంటే నాకు కాస్త ఎక్కువే తెలుసు. మామయ్య మాట నాలుగు నిమిషాలు విను, తర్వాత నీ ఇష్టం.

నీ పాటల్లో రంపం ఉంది, నేలమాళిగ ఉంది, ముసుగేసుకున్న హంతకుడు ఉన్నాడు, ఆఖరికి అమెరికావాళ్ళ దయ్యాల పండగ హాలోవీన్ గుమ్మడికాయ కూడా ఉంది. ఇవన్నీ ఎవరింట్లోవిరా? మీ అపార్ట్‌మెంట్ కింద సెల్లార్‌లో బైకులు, వాటర్ ట్యాంకర్ పైపు తప్ప ఇంకేముంది? ఎవడో అమెరికావాడి సినిమాలోంచి అరువు తెచ్చుకున్న భయం అది, వినేవాడికి ఒక్క వెంట్రుకైనా నిక్కబొడుచుకోదు. ఫ్లో, అంటే మాటలు తాళంలో పరిగెత్తే తీరు, బాగుంది, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నావో తెలియకుండా లాగావు, అది నేర్పితే వచ్చేది కాదు. కానీ భయం నీది కాదు.

డెట్రాయిట్ ర్యాపర్ ఈషామ్ పాటలు విన్నావా? వినకపోతే అక్కడ మొదలుపెట్టు. 1973లో పుట్టాడు. 'బూమిన్ వర్డ్స్ ఫ్రమ్ హెల్', అంటే నరకం నుంచి మోగే మాటలు, అనే మొదటి ఆల్బమ్ వచ్చేనాటికి ఇంకా హైస్కూలు వయసే, ఎనభైలు పోయి తొంభైలు వస్తున్న రోజులు. అన్నయ్యతో కలిసి రీల్ లైఫ్ ప్రొడక్షన్స్ అని సొంత లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) పెట్టి తనే వేసుకున్నాడు. ర్యాప్ బీట్ల మీద రాక్ గిటార్ ముక్కలు అతికించి, చావు, డ్రగ్స్, దయ్యం అన్నీ కలిపి దానికి యాసిడ్ ర్యాప్ అని తనే పేరు పెట్టుకున్నాడు. హారర్‌కోర్ అనే పేరు పత్రికల్లో బాగా నలిగింది తర్వాత, 1994 ప్రాంతంలో న్యూయార్క్ వైపు గ్రేవ్‌డిగ్గాజ్, ఫ్లాట్‌లైనర్జ్ లాంటి గ్రూపులు వచ్చాక.

అతను ఆ నరకాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చాడో చూడు. డెట్రాయిట్ జనాభా 1950లో 18.5 లక్షలు, 1990కి 10.3 లక్షలు. ఫ్యాక్టరీలు పోయాయి, ఉన్నవాళ్ళు శివార్లకు పోయారు, వీధికి నాలుగైదు ఇళ్ళు పాడుబడి తలుపులు ఊడి ఉండేవి. దాని మీద క్రాక్ కొకైన్ అనే మత్తుమందు వచ్చి పడింది. హాలోవీన్ ముందు రాత్రిని ఇక్కడ డెవిల్స్ నైట్ అంటారు, ఒకప్పుడు పిల్లలు కిటికీల మీద సబ్బు రుద్ది పారిపోయే అల్లరి అది. 1984 నాటికి అది ఖాళీ ఇళ్ళు తగలబెట్టడం దాకా పోయింది, ఆ ఏడు ఆ రెండు మూడు రోజుల్లోనే 800కి పైగా చోట్ల మంటలు. ఈషామ్‌కి అప్పుడు పదకొండేళ్ళు. తన ఊళ్ళో దయ్యం రాత్రి అంటే నిజంగానే కొంపలంటుకునే రాత్రి అని చూస్తూ పెరిగిన పిల్లాడు పెద్దయ్యాక నరకం నుంచి మాట్లాడుతున్నా అంటే జనం నమ్మారు. నిన్నెందుకు నమ్మాలి?

ఇంకో పాట చెబుతా. హ్యూస్టన్ ర్యాప్ గ్రూపు గెటో బాయ్స్, 1991లో 'మైండ్ ప్లేయింగ్ ట్రిక్స్ ఆన్ మీ' అని వేశారు. అంతకుముందు వాళ్ళవి మహా ఘోరమైన పాటలు, 1990లో గెఫెన్ కంపెనీ వాళ్ళ ఆల్బమ్‌ని పంచడానికే ఒప్పుకోలేదు. కానీ జనం గుండెల్లో నిలిచింది ఈ పాటే. ఇందులో ఉన్నదల్లా నిద్రపట్టక, ఎవరో వెంటపడుతున్నారని అనుమానంతో చచ్చే మనుషులు. చివర్లో ఒకడు హాలోవీన్ రాత్రి ఎవణ్ణో పట్టుకుని బాదుతూ ఉంటాడు, కాసేపటికి చూస్తే ఎదురుగా మనిషే లేడు, తను గుద్దుతున్నది సిమెంటు నేలని, చేతులు రక్తం కారుతున్నాయి. పాట మొత్తానికి ఆ రక్తం చాలు. నువ్వేమో ఒక్కో వెర్సుకి, అంటే ఒక్కో చరణానికి, అరడజను శవాలు వేస్తున్నావు, నాలుగో శవం దగ్గరికొచ్చేసరికి నాకు ఆవలింత వచ్చింది.

మన దగ్గర భయాలకు కరువా? చేతబడి చేస్తోందని ఒక ముసలామెను ఊరంతా కలిసి కొట్టి, మంత్రం పలకకుండా పళ్ళు పీకేసిన వార్తలు మన పేపర్లలో జిల్లా పేజీలో మూలకు వస్తాయి. అందులో దయ్యం ఎవరు? చేతబడి చేసే మాంత్రికుడి గొంతుతో వంద మంది రాస్తారు. పట్టకారు పట్టుకున్నవాడి గొంతుతో రాసి చూడు, వాడు నిన్నటిదాకా ఆమెను పెద్దమ్మా అని పిలిచినవాడే. అది రాస్తే నాకే రాత్రి నిద్ర పట్టదు. లేదా లోన్ యాప్. నీ ఫోన్లో కాంటాక్టులన్నీ లాక్కుని, నీ ఫోటో మార్చి, మీ మేష్టారికీ మీ అత్తకీ పంపుతానని అర్ధరాత్రి ఫోన్ చేసే రికవరీ ఏజెంటు ఎంత మర్యాదగా "సార్" అంటాడో విన్నావుగా. ఆ "సార్"ని హుక్‌గా, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవిగా, పెట్టి తిప్పు. నీ ఫ్రెండు ఒకడు అందులో ఇరుక్కున్నాడని నువ్వే చెప్పావు కదరా! ఇంట్లో ఇంత పెట్టుకుని గుమ్మడికాయలు వెతుక్కుంటున్నావు.

ఇక్కడే ఒకటి గట్టిగా చెబుతున్నా. ఈ జానర్‌లో సగానికి సగం చెత్త, ఆ చెత్తలో ఎక్కువ భాగం ఆడపిల్లల్ని నరకడం గురించి గొప్పలు చెప్పుకునేది. పెద్ద పేర్లున్నవాళ్ళు కూడా అది చేశారు, ఈషామ్‌తో సహా. వాళ్ళ నుంచి నేర్చుకోవాల్సింది బోలెడు ఉంది, ఇది మాత్రం కాదు. నీ రెండో పాటలో ఆ అమ్మాయి వెర్సు తీసెయ్యి. మీ అమ్మ వింటుందని కాదు, అందులో భయం లేదు, ఒట్టి కసి ఉంది. కసి ఎవడికైనా వస్తుంది.

జనం ఏమంటారో అన్న బెంగ నీకుందని తెలుస్తోంది. అంటారు, తప్పదు. ఇన్‌సేన్ క్లౌన్ పాసీ అని ఇక్కడివాళ్ళే, మొహాలకు రంగులేసుకుని పాడే ఇద్దరు. 1997 జూన్‌లో 'ది గ్రేట్ మిలెంకో' ఆల్బమ్ విడుదలైన రోజే డిస్నీకి చెందిన లేబుల్ దాన్ని షాపుల్లోంచి వెనక్కి లాగేసింది. ఆ గోలకే ఇంకా ఎక్కువమందికి తెలిసింది, ఐలాండ్ రికార్డ్స్ తీసుకుని మళ్ళీ వేసింది. 2000లో అభిమానుల జాతర మొదటిసారి పెట్టింది డెట్రాయిట్ పక్కనున్న మా నోవైలోనే. ఇప్పుడు ఉగాదికి, బతుకమ్మకి పట్టుచీరలతో నిండిపోయే ఊరు, నమ్ముతావా? ఆ అభిమానుల్నే 2011లో ఎఫ్‌బీఐ ఒక నివేదికలో ముఠాల లెక్కన రాసింది. వాళ్ళు కోర్టుకెళ్ళారు, 2017లో వాషింగ్టన్‌లో ఊరేగింపు కూడా తీశారు. ఎఫ్‌బీఐని తప్పుపట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణి, కానీ నీ విషయంలో జాగ్రత్త వేరు. బతికున్న మనిషి పేరు పెట్టి చంపుతా అని పాడకు, కులం పేరు, దేవుడి పేరు జోలికి ఊరికే పోకు, అశ్లీలం ఆన్‌లైన్‌లో పెడితే ఐటీ చట్టం సెక్షన్ 67 ఉంది. కేసు పడితే పాట కళ అని జడ్జికి చెప్పుకోవడానికి లాయరుకు ఇచ్చే డబ్బు ముందు ఉండాలి కదా.

లేబుల్‌వాడు వచ్చాడన్నావు, సంతకం పెట్టాలా అని అడిగావు. వద్దు, ఇప్పుడే వద్దు. ఒక ముచ్చట చెప్తా. 1992లో ఇన్‌సేన్ క్లౌన్ పాసీ మొదటి ఆల్బమ్‌లో పాడినందుకు ఈషామ్‌కి 500 డాలర్లు, అదే ఊరి ఇంకో పాటగాడు కిడ్ రాక్‌కి 600 డాలర్లు ఇచ్చారట. అప్పటికి ఈషామే డెట్రాయిట్‌లో పేరున్నవాడు, వీళ్ళు కొత్తవాళ్ళు. పదేళ్ళు తిరిగేసరికి, 2002లో, ఈషామ్ ఆ ఇన్‌సేన్ క్లౌన్ పాసీ వాళ్ళ సొంత లేబుల్ సైకోపథిక్ రికార్డ్స్‌లోనే చేరాడు. పాటలో ఎవరు గొప్ప అంటే నేను ఈషామ్ అనే అంటాను, ఎమినెం కూడా తన పాటలో అతని పేరు తలుచుకున్నాడు. కానీ టీషర్టులు, టూర్లు, అభిమానుల లిస్టు, లెక్కల పుస్తకం, ఇవన్నీ మొదటి రోజు నుంచి పట్టుకుని కూర్చున్నది రంగుల మొహాలవాళ్ళు. కాన్సస్ సిటీ ర్యాపర్ టెక్ నైన్ కూడా అంతే, పెద్ద లేబుళ్ళ చుట్టూ తిరిగి విసిగి 1999లో ఫర్నిచర్ వ్యాపారం చేసుకునే ఒకాయనతో కలిసి స్ట్రేంజ్ మ్యూజిక్ అని సొంత లేబుల్ పెట్టాడు. లెక్కలు తెలిసినవాడు ఒకడు పక్కన ఉండాలి. మీ బాబాయి కొడుకు సీఏ చదువుతున్నాడుగా, వాణ్ణి పట్టుకో, బిర్యానీ పెట్టిస్తే వస్తాడు.

మన చట్టం నీకు కొంత అండగానే ఉంది. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక పాట రాసినవాడు, బాణీ కట్టినవాడు తమ రాయల్టీ హక్కును లేబుల్‌కి వదిలేస్తున్నా అని రాసిచ్చినా అది చెల్లదు. అందుకని పాట రాసినవాళ్ళకి, బాణీ కట్టినవాళ్ళకి రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం ఐపీఆర్ఎస్‌లో రచయితగా మెంబరువి అవ్వు. కానీ మాస్టర్ రికార్డింగ్, అంటే నువ్వు పాడి రికార్డు చేసిన ఆ అసలు ఆడియో, సంగతి అలా కాదు, అది రాసిచ్చావంటే పోయినట్టే. ఆ లేబుల్‌వాడు అడిగేది అదే, కాగితంలో మూడో పేజీలో చూడు. వాడి అడ్వాన్స్ నీ జీతం కాదు, పాట సంపాదించిన దాంట్లోంచి ముందు వాడు కోసుకునే అప్పు.

పాత సినిమా పాట ముక్క వాడావు మూడో దాంట్లో, బాగుంది కానీ యూట్యూబ్ అది పట్టుకుంటుంది, వచ్చే డబ్బంతా పాట హక్కులున్న కంపెనీకి పోతుంది. దాని బదులు డప్పు కొట్టేవాణ్ణి పిలిచి నిజంగా వాయించి రికార్డు చెయ్యి, చావు డప్పు ఒకటే చాలు ఏ సింథసైజరూ అక్కర్లేదు. బీట్ (పాట వెనక వచ్చే సంగీతం) వేరేవాళ్ళ దగ్గర లీజుకి తీసుకున్నదైతే ఎన్ని స్ట్రీముల దాకా చెల్లుతుందో చదువు. బీట్ చేసిన కుర్రాడు నీ స్నేహితుడే అయితే ఇంకా ఎక్కువ జాగ్రత్త. పాట బయటికి వెళ్ళకముందే టీ కొట్టు దగ్గరైనా సరే కూర్చుని, ఎవరికి ఎంత శాతం అని తెల్ల కాగితం మీద రాసి, తేదీ వేసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. దాని ఫోటో నాకు పంపు. పాట మాత్రం వాట్సాప్‌లో పంపకు, సౌండ్ నలిగిపోతోంది. గూగుల్ డ్రైవ్‌లో వేవ్ ఫైల్ (సౌండ్ నలగని ఫైల్) పెట్టు, వాయిస్ వేరేగా, బీట్ వేరేగా.

మీ మామయ్య